ఆకు పందిరి కింద ఒంటి చదువు

కల్లం పడిందన్న కబురు ఆ ఏడు మా ఇంటికి మొదట తెచ్చింది గాజులాయన చిన్న కూతురు. నేను వరండాలో గుంజకు వీపు ఆనించుకుని చదువుకుంటున్నాను. ఆమె లోపలికి రాలేదు. దడి మీదుగా తల మాత్రం పెట్టి, "ఏమే, కల్లం పడ్డది! రేపటి సంది ఆకు కోతకు పోతున్నం. నీకొక మాట చెప్పాలె గదా అని చెప్తున్న. నువ్వెట్లయినా రావు గని" అనేసి, నా జవాబు కోసం ఆగకుండా పక్కింటి వైపు పరుగెత్తింది.

మా వైపు ఎండాకాలం ఆ కల్లంతోనే మొదలయ్యేది. అడవి అంచున కొంత మేర నేల చదును చేసి, తాటాకు పాక ఒకటి వేసి, బీడీలు చుట్టే తునికాకును అక్కడ కొనేవారు. ఊరు ఊరంతా చీకటితోనే లేచి అడవికి పోయి ఆకు కోసుకొచ్చేది. మధ్యాహ్నమంతా నీడన కూర్చుని కట్టలు కట్టి, పొద్దు వాలేలోపు కల్లంలో అప్పజెప్పేది. తొలకరి పడి ఆకు చెడేదాకా ఇదే వరస. ఆ కొద్ది రోజులూ మా ఊళ్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండేవి కావు, ఎవరి నోరూ ఊరుకునేది కాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, మా అమ్మాయి స్నేహితురాళ్లు ఖమ్మంలో మా గేటు దగ్గర నిలబడి దాన్ని ఆటకు పిలిచారు. అది కర్టెన్ చాటున పుస్తకం గుండెకు అదుముకుని, "నేను లేనని చెప్పవా అమ్మా" అని సైగ చేసింది. కోప్పడదామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. పచ్చి తునికాకు వాసన, ఆ ఒగరు వాసన, ఎన్నో ఏళ్ల తర్వాత ముక్కుకు తగిలినట్టయింది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మాది పినపాక దాటి అడవిలోకి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. నాన్న కలప డిపోలో రాతపని చేసేవాడు. పెద్ద బడి వాగు అవతల ఉండేది. నాకేమో పసితనం నుంచీ ఆయాసం. దుమ్ము లేస్తే పడదు, ముసురు పడితే పడదు. అమ్మది పెనుబల్లి. ఇంటర్ దాకా చదివింది. "దేవుడు నాకు ఆ మాత్రం చదువు ఇచ్చింది నీ కోసమే కాబోలు" అని, పొద్దున ప్రార్థన అయ్యాక నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టేది. బియ్యం ఏరుతూ లెక్కలు, చింతపండు పిసుకుతూ సైన్సు చెప్పేది. ప్రపంచ పటం మీద ఎక్కడో ఆఫ్రికా దగ్గర పచ్చిపులుసు మరక ఒకటి ఉండేది. చాలా కాలం అది కూడా ఒక దేశమే అనుకున్నాను.

నాన్న పనిమీద ఖమ్మం పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్టలు పోయినవి, చెదలు కొరికినవి కలిపి ఒక సంచెడు తెచ్చేవాడు. ఆ సంచిలో తల పెట్టి వాసన చూస్తే నాకు ఆకలి తీరినట్టు ఉండేది. ఈ రోజుకీ నేను స్తోత్రం చెప్పుకునే వాటిలో ఆ సంచి ఒకటి.

గాజులాయన చిన్న కూతురు, నేను ఒక ఈడు వాళ్లం. వాళ్ల నాయన సైకిల్ మీద గాజుల మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. రంజానుకు వాళ్లింటి నుంచి మాకు సేమ్యా ఖీరు వచ్చేది, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి అరిసెలు వెళ్లేవి. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే కంచంలో తిన్నాం. తర్వాత ఆమెకు వాగవతలి బడిలో స్నేహితులు దొరికారు. నాకు సంచిలో పుస్తకాలు దొరికాయి. అయినా సాయంత్రాలు వచ్చి, "రావే, తొక్కుడుబిళ్ల ఆడుకుందాం" అని పిలిచేది. "ఈ పేజీ అయిపోనీ" అనేదాన్ని. ఆమె దడి దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూసి, ఎదురుచూసి, వెళ్లిపోయేది. ఆమె పిలవడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. అప్పుడు కూడా చదువుతూనే ఉండి ఉంటాను.

అందుకే దడి మీద నుంచి ఆమె అన్న మాట, "నువ్వెట్లయినా రావు గని" అన్నది, గుచ్చుకుంది. ఆ పూట పుస్తకంలో ఒక్క వాక్యం ముందుకు పోలేదు. నాకు ఆమె కావాలి. పుస్తకం కూడా కావాలి. రెండింటిలో ఒకటి వదిలితేనే రెండోది దొరుకుతుందేమోనన్న భయం మొదటిసారి కలిగింది.

అడవికి పంపనని అమ్మ ముందే చెప్పేసింది. "కట్టలు కట్టే చోటికైతే వెళ్లు. పచ్చి ఆకేగా, దుమ్ముండదు. తలకి గుడ్డ కట్టుకో. మంచినీళ్లు మర్చిపోకు. ఆయాసం అనిపిస్తే వెంటనే వచ్చెయ్" అని, నేను గేటు దాటాక కూడా ఇంకేదో చెబుతూనే ఉంది.

మా వీధి ఆడవాళ్లంతా కట్టలు కట్టేది పెద్దమ్మ పందిరి కింద. పెద్దమ్మ ఊరందరికీ పెద్దమ్మే. అడవి లోపలి పల్లె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిందట. తన చెల్లెలితో, ఆవులతో తన పుట్టింటి భాషలో మాట్లాడేది, మాతో తెలుగులో మాట్లాడేది. ఎవరినైనా గట్టిగా తిట్టాల్సి వస్తే ఆవుల భాషే వాడేది. సన్నటి మనిషి. వేళ్లు మాత్రం పొడుగ్గా, తునికాకు కరతో నల్లగా ఉండేవి. ఇంటి ముందు వెదురు గుంజలు పాతి, పైన కొమ్మలు పరిచి వేసిన ఆ పందిరి కింద చాపలు, మధ్యలో నార నానేసిన కుండ, ఒక మూల నీళ్ల బిందె ఉండేవి. యాభై ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, నారతో బిగించి పక్కకు వేస్తే ఒక కట్ట. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే నోళ్లు వాటి పని చేసేవి. సర్పంచ్ ఇంట్లో టీవీ సీరియల్ చూసి వచ్చినవాళ్లు కథ చెప్పేవాళ్లు. కరెంటు పోయి ఆగిపోయిన దగ్గర నుంచి కథ ఏమై ఉంటుందో తలో రకంగా చెప్పి కొట్లాడుకునేవాళ్లు.

మొదటి రోజు ఆ పందిరి కిందకు నా పుస్తకంతోనే వెళ్లాను. గాజుల పిల్ల పక్కన చాప మీద కాస్త చోటుంటే కూర్చున్నాను. ఆమె నా వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, మళ్లీ ఆకులు పేర్చుకోసాగింది. పుస్తకం తెరిచాను. అంతే, అందులోకి వెళ్లిపోయాను. కాసేపటికి చుట్టూ మాటలు తగ్గాయి. ఎవరో పుల్లమామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్ది చేతులు మారుస్తున్నారు. ఆ ఆకు దొన్నె నా దగ్గరిదాకా వచ్చి, నన్ను దాటి, అటువైపు వెళ్లిపోయింది.

"ఆ పిల్లకియ్యవేందే?" అంది సైకిల్ షాపు వదిన.

"ఆమె వేరేగ తింటాంది గద" అంది గాజుల పిల్ల, తల ఎత్తకుండా.

నాకు చెవులు వేడెక్కాయి. పెద్దమ్మ చేతిలోని కట్టను పక్కన పడేసి నా వైపు తిరిగింది.

"ఏంది బిడ్డా అది?"

"పుస్తకం, పెద్దమ్మా."

"అది కనబడుతనే ఉంది. ఏం చేస్తున్నవని."

"చదువుతున్న."

"ఎవలికి?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. "నాకే" అన్నాను.

"చూడు బిడ్డా, ఈ పందిరి కింద ఒంటి తిండి లేదు. మామిడికాయ తెస్తే ముక్క అందరికీ. ముచ్చట తెస్తే అందరికీ. మొన్న నా చెల్లె దగ్గు తెచ్చింది, అదీ అందరికీ అంటింది. నువ్వేమో బుక్కు తెచ్చుకొని మా మొకాలు చూసుకుంట ఒక్కదానివే నములుతున్నవ్. తప్పు గదా?"

పందిరంతా నవ్వింది. నాకు లేచి ఇంటికి పోవాలనిపించింది. నేను లేస్తానేమోనని గాజుల పిల్ల ఓరగా చూస్తోంది. ఆ చూపు కోసం కూర్చుండిపోయాను.

"అయితే ఏం చెయ్యాలె పెద్దమ్మా?"

"ఏముంది? పెట్టు."

అలా నా ఒంటి చదువు ఆ రోజుతో ఆగిపోయింది. అమ్మకు తప్ప ఎవరికీ బయటకు చదివి వినిపించని నేను, గొంతు వణుకుతుంటే మొదలుపెట్టాను. "గట్టిగ చదువమ్మా, నీ మాట నీ ముక్కులనే ఉంది" అని వదిన అరిచింది. అది అట్ట పోయిన నవల. పేరు కూడా తెలియదు. ఓడరేవు సంతలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఓడ ఎక్కి వెళ్లే ఒక అక్క కథ. రెండో పేజీ తిప్పేసరికి గొంతు కుదుటపడింది. తమ్ముడి చెయ్యి జారిన చోటికి వచ్చేసరికి పందిరి కింద ఆకు చప్పుడే లేదు. తల ఎత్తి చూశాను. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి. గాజుల పిల్ల నోట్లో నార చివర పెట్టుకుని, దాన్ని తియ్యడం మర్చిపోయి వింటోంది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పొద్దు వాలిపోయింది. కట్టలు సగం కూడా కాలేదు. ఉన్నవి నెత్తిన పెట్టుకుని అందరూ కల్లానికి పరుగెత్తితే, ఆకు లెక్కచూసి కొనే కల్లెదారు అప్పటికే సంచి సర్దుకుని సైకిల్ ఎక్కేశాడట. కోసిన ఆకు ఇంట్లో తడిగుడ్డల కింద పెట్టుకుని, వాడిపోతుందేమోనని రాత్రంతా దిగులుపడ్డారు.

మర్నాడు పందిరి కిందకు నేను వెళ్లేసరికే పంచాయితీ నడుస్తోంది.

"ఆ బుక్కు ఇంకొక్కపాలి వస్తే నేను మా ఇంటికాడనే కట్టుకుంట" అంటోంది మేస్త్రి భార్య. "కడుపులు నిండుతయా కథలతోని?"

"నిన్న ముక్కు చీదుకుంట ఏడ్చింది నువ్వే గదనే" అంది వదిన.

"ఏడుస్తే ఏడ్చిన. ఆకు పాయె!"

"పిల్లను రావద్దనుండ్రి, అయిపాయె" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఆ మాటకు గాజుల పిల్ల ముఖం చూశాను. ఆమె తల వంచుకుని కుండలో నార కలుపుతోంది. నన్ను వెనకేసుకు రావాలంటే ఆమెకూ భయమేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దమ్మ అందరి మాటలూ విన్నది. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

"పిల్ల వస్తది" అంది. "బుక్కు రాదు."

నాకు అర్థం కాలేదు.

"ఇను బిడ్డా. మేం పొద్దుగాల అడవికి పోతం గదా, నువ్వేం చేస్తవ్ అప్పుడు?"

"ఇంట్లనే ఉంట."

"అప్పుడు చదువుకో. ఒక్కదానివే, నీ ఇష్టమొచ్చినట్టు, కడుపు నిండ. పగటికి బుక్కును ఇంట్ల పండబెట్టి, కథను పట్టుకొని రా. చేతులకు ఆకు తీసుకో, నోటితోని చెప్పు. నీ చెయ్యి ఆగకుంటే మా చెయ్యి ఆగది. నీ చెయ్యి ఆగిందా, నీ నోరు బంద్."

ఇంత చిన్న ఏర్పాటు. ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకమూ నాకింత పనికొచ్చే సంగతి చెప్పలేదు.

నాకు కట్ట కట్టడం రాదు. నారతో బిగిస్తే ఆకు చిరిగేది, వదులుగా కడితే ఊడిపోయేది. ఆకుల నున్నటి వైపు ఎటు ఉండాలో తెలియక ఇష్టం వచ్చినట్టు పేరిస్తే వదిన నా కట్ట ఎత్తి చూపించి, "ఇదేందే, ఆకులు ఒకదానితోని ఒకటి అలిగి పండుకున్నయ్!" అంది. గాజుల పిల్ల చాలాసేపు నవ్వి, చివరికి నా పక్కకు జరిగి, నా చేతుల మీద తన చేతులు పెట్టి, "గిట్ల పట్టు. బొటనవేలు గిక్కడ. బుక్కు పట్టినట్టు కాదే, మొద్దూ" అని నేర్పించింది. ఆమె చేతుల్లో తునికి పండు వాసన, గాజుల మూటలోని పాత గుడ్డల వాసన కలిసి వచ్చేవి. చాలా రోజుల తర్వాత నన్ను ఎవరో మొద్దూ అన్నారు. ఆ పూట ఇంటికి వెళ్లి, మోకరించి, దానికి కూడా వందనాలు చెప్పుకున్నాను.

అప్పటి నుంచి నా పొద్దులు రెండుగా పంచుకున్నాను. ఊరు ఖాళీ అయ్యాక, అమ్మ పాఠం ముగిశాక, వరండాలో చల్లగా నా చదువు. అంతకు ముందు కన్నా శ్రద్ధగా చదివేదాన్ని. మధ్యాహ్నం వీళ్లకు చెప్పాలి కదా! ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఎవరు ఎవరిని ఏమని పిలిచారో అన్నీ జాగ్రత్తగా మనసులో పెట్టుకునేదాన్ని. అడవి నుంచి తిరిగొచ్చిన పిల్లలు ముఖాలు కడుక్కుని, సద్ది డబ్బాలు బోర్లించి, నాకోసం ఒడిలో మొర్రి పండ్లో తునికి పండ్లో దాచి తెచ్చేవారు. వాటికి బదులుగా నేను కథ తీసుకెళ్లేదాన్ని.

చదవడం వేరు, చెప్పడం వేరని చెప్పడం మొదలుపెట్టిన రోజే తెలిసింది. అక్క ఓడ ఎక్కింది అనగానే పెద్దమ్మ చెల్లెలు అడ్డుపడింది.

"అంత దూరం పోతాంది, తినడానికి ఏం కట్టుకున్నది?"

పుస్తకంలో ఆ సంగతే లేదు. "రాయలేదు" అన్నాను.

"రాయకుంటే? ఆకలి కాదా పిల్లకు?" అని పందిరంతా ఒకటైంది. చివరికి ఆ అక్క సద్దన్నంలో చింతకాయ తొక్కు, నాలుగు ఎండుచేపలు మూటగట్టుకుని ఓడ ఎక్కింది. ఓడలో ఆమెకు కడుపులో తిప్పితే మేస్త్రి భార్య వాము నమలమంది. నమిలింది. పరాయి ఊళ్లో ఆమెను ఒక షావుకారు మోసం చేస్తే పెద్దమ్మ వాణ్ణి ఆవుల భాషలో తిట్టింది. కథలో లేని మేకపిల్ల ఒకటి ఎలా వచ్చిందో తెలియదు గాని, ఓడ మీదకు చేరి అందరికన్నా ఎక్కువగా తన గురించే మాట్లాడించుకుంది.

మధ్యలో అల్లరి లేకపోలేదు. వదిన కునుకు తీస్తే ఆమె జడకు నారతో కట్ట కట్టేశాం. ఆమె లేచి నీళ్ల బిందె దాకా ఆ కట్టతోనే నడిచింది. మేస్త్రి భార్య బుట్టలోని తునికి పండ్లు మేం తినేసి గింజలు తిరిగి ఆమె బుట్టలోనే వేశాం. "నా బుట్టల పండ్లకు గింజలే మిగిలినయేందే?" అని ఆమె అడిగితే, "ఎండకు ఆవిరైనయ్ పిన్నీ" అని గాజుల పిల్ల బుద్ధిగా చెప్పింది.

ఇన్ని రోజులైనా నేను కల్లం చూడలేదు. అందరూ సాయంత్రం అక్కడికి పోతే నేనొక్కదాన్నే ఇంటికి తిరిగి వచ్చేదాన్ని. ఒక్కసారి చూసి వస్తానని అమ్మను బతిమాలాను. ఆమె గుమ్మం పట్టుకుని ఆలోచించి, ఆలోచించి, సరే అంది. కల్లం చూడముచ్చటగానే ఉంది. పచ్చ కట్టలు, ఎండి ఎర్రబారిన కట్టలు వరసలు వరసలుగా నేలంతా పరిచి ఉన్నాయి. కాని అదే సమయానికి ఎండిన ఆకును గోనెల్లో తొక్కి లారీకి ఎత్తుతున్నారు. ఆ దుమ్ము గొంతులోకి దిగింది. ఊపిరి లోపలికి పోతోంది, బయటకు రావడం లేదు. గాజుల పిల్ల కేక నాకు గుర్తుంది. అటుగా వస్తున్న వాళ్ల నాయన మూటను దింపేయడానికి కూడా ఆగకుండా నన్ను సైకిల్ ముందు ఊచ మీద కూర్చోబెట్టుకుని తొక్కాడు. దారి పొడుగునా గాజులు గలగలమంటుంటే, "ఏం గాదు బిడ్డా, వచ్చేసినం, వచ్చేసినం" అంటూనే ఉన్నాడు.

మందులతో తగ్గింది. కాని అమ్మ గేటుకు గొళ్లెం పెట్టింది. "ఇంక పందిరీ లేదు, గిందిరీ లేదు. నీకు పుస్తకాలున్నాయి, చాలు."

పడుకుని పుస్తకం తెరిచాను. నిరుడైతే ఇదే నాకు స్వర్గం. ఇప్పుడు ప్రతి పేజీలోనూ "ఏం తిన్నదే?" అని ఎవరో అడుగుతున్నట్టే ఉంది. జవాబు చెబుదామంటే పక్కన ఎవరూ లేరు. చదివింది నాలోనే ఉండిపోయి బరువెక్కింది. అప్పుడే దొరికిన స్నేహితురాలు మళ్లీ దడి అవతలి మనిషి అయిపోతుందన్న భయం, ఆయాసం కన్నా ఎక్కువగా ఊపిరి ఆడనిచ్చేది కాదు.

రెండు రోజులు చూసి పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మెట్టు మీద కూర్చుంది. నేను లోపల మంచం మీద నుంచి వింటున్నాను.

"పిల్లను పంపుతలేవెందుకు?"

"దానికి ఆయాసం పెద్దమ్మా. చూశారుగా, ఎలా అయిపోయిందో. ఆకు దుమ్ము పడదు."

"దుమ్ము కల్లంల ఉంది. నా పందిరి కింద పచ్చి ఆకు. పచ్చి ఆకుకు దుమ్మెక్కడిది?"

"ఏమో, నాకు భయంగా ఉందండీ. ఒక్కగానొక్క పిల్ల. ఇంట్లో పుస్తకాలున్నాయి. వాటితో బాగానే ఉంటుంది."

"అవ్, బాగనే ఉంటది. బీరువల పెట్టిన చీర గూడ బాగనే ఉంటది. నలగది, మాయది. ఎవలన్న కట్టుకుంటరా దాన్ని?"

పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. గొళ్లెం మాత్రం పడే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేను పడుకున్న గది కిటికీ అవతల ఒకటే సందడి. లేచి చూశాను. మా దడి పక్కన వేపచెట్టు నీడలో చాపలు పరుస్తున్నారు. నార కుండ వచ్చింది, నీళ్ల బిందె వచ్చింది, ఆకు మోపులు వచ్చాయి. పందిరి మొత్తం, గుంజలు తప్ప, మా ఇంటి పక్కకు నడిచి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"మా ఇంటికాడ ఎండ పడుతాంది" అంది పెద్దమ్మ, అమ్మ వైపు చూడకుండా.

నాకు ఇంకా మాట సరిగ్గా రావడం లేదు. నాలుగు మాటలకే ఊపిరి అందడం లేదు. కిటికీ ఊచలు పట్టుకుని, "కథ... నేను చెప్పలేను" అన్నాను.

"నిన్నెవలు చెప్పమన్నరే?" అంది గాజుల పిల్ల. "నువ్వు ఇను. నేను చెప్త."

"నీకేం తెలుసు, నువ్వు చదవలే గదా!"

"నీ బుక్కుల సంగతి నాకేంది? ఆ అక్క నిన్న రాత్రి నాకు కనబడ్డది. ఇంటవా, ఇనవా?"

ఇక మొదలుపెట్టింది. ఆమె చెప్పిన కథలో అక్క ఓడ దిగి, తిరిగి తిరిగి, మణుగూరు సంతకు వచ్చింది. అక్కడ చెప్పులు తెగితే ఉత్త కాళ్లతో మా ఊరికి వచ్చింది. ఆకు కోసింది, కట్టలు కట్టింది. సాయంత్రం కల్లానికి పోయి కట్టలు అప్పజెబితే, కల్లెదారు ఒక్కో కట్టా తీసి, "ఇది వదులు, ఇది చిన్న ఆకు" అని వంకలు పెడుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండి, "ఎవనివిరా నువ్వు, చిన్నప్పుడు మా తమ్ముడు గూడ గిట్లనే అన్నం ముద్దకు వంకలు పెట్టేటోడు!" అంది. కల్లెదారు చేతిలోని కట్ట జారిపోయింది.

"అక్కా!" అని గాజుల పిల్ల కల్లెదారు గొంతుతో, ఆయన లాగే పొట్ట ముందుకు పెట్టి అరిచింది.

వేపచెట్టు కింద నవ్వులకు కాకులు లేచిపోయాయి. మేస్త్రి భార్య నేల మీద పడి దొర్లింది. నేను నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాను. నా వెనక ఇంకెవరో నవ్వుతున్నారు. తిరిగి చూస్తే అమ్మ. మంచం పట్టె పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. ఆ ఊరికి వచ్చాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. పెనుబల్లిలో ఆమెకు ఎంతమంది స్నేహితులుండేవారో, ఇక్కడ ఆమెకు ఎవరున్నారో నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు.

అంతవరకు కథ నా దగ్గరే ఉంది, వాళ్లకు నేను ఇస్తున్నాను అనుకున్నాను. ఆ మధ్యాహ్నం నా చేతులు ఖాళీ, నోరు ఖాళీ. వచ్చి పెట్టింది వాళ్లు. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు నేను చేసేది కూడా ఇదే కదా, ఎవరో చెబుతుంటే నోరు మూసుకుని వినడం! మనుషుల దగ్గర కూడా అలాగే కూర్చోవచ్చని నాకు అంతకు ముందు తెలియలేదు.

కాసేపటికి అమ్మ గొళ్లెం తీసింది. నిమ్మకాయ నీళ్లు కలిపి చెంబుతో పట్టుకెళ్లి అందరికీ పోసింది. "కూసో టీచరమ్మా" అని వదిన చాప మీద జరిగింది. అమ్మ మొహమాటంగా కూర్చుని, ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. ఆమె కట్టిన మొదటి కట్ట నా కట్టల కన్నా అన్యాయంగా ఉంది. మర్నాటి నుంచి పెద్దమ్మ పందిరి కిందకు మేమిద్దరం కలిసి వెళ్లాం, తొలకరి పడేదాకా.

ఆకు ఆఖరి రోజున, ఉరుముల కింద చాపలు చుడుతుంటే గాజుల పిల్ల నన్ను పక్కకు లాగింది. "నిజం చెప్పవే, నీ బుక్కుల తమ్ముడు దొరుకుతడా?"

"దొరకడు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "మరెందుకు చదివినవే అంత పెద్ద బుక్కు?" అని, గొంతు తగ్గించి, "వీళ్లకు చెప్పకు" అంది. నేను చెప్పలేదు. మా ఊళ్లో ఈ రోజుకీ ఆ తమ్ముడు దొరికినట్టే లెక్క.

ఇప్పుడు ఆ వీధిలో ఆకు పందిరి లేదు. మేం ఆ ఊరు విడిచి చాలా కాలమైంది. గాజుల పిల్ల మణుగూరులో సొంత గాజుల దుకాణం నడుపుతోంది. వారానికి ఒకసారైనా ఫోన్ చేస్తుంది. నేను చదివిందేదో చెబుతాను, ఆమె దాన్ని బాగుచేసి నాకే తిరిగి చెబుతుంది. ఇంట్లో నా పొద్దులు ఇంకా అలాగే పంచుకుని ఉన్నాయి. తెల్లవారి ప్రార్థన అయ్యాక కొంతసేపు పుస్తకం, నేను. మధ్యాహ్నం నుంచి మా తలుపు తీసే ఉంటుంది, ఎవరు వచ్చినా సరే. జీవితంలో నాకు దొరికిన మేళ్లు లెక్కపెట్టుకుంటే ఈ ఏర్పాటు చాలా ముందు వరసలో వస్తుంది. అది నేను కనిపెట్టింది కాదు, నాకు ఒకరు పెట్టింది.

పెద్దమ్మ ఒక వానాకాలం పోయింది. వాగు పొంగి బస్సులు ఆగిపోవడంతో నేను ఆఖరి చూపుకు అందుకోలేకపోయాను. ఆమె మొక్కిన దేవత పేరు నాకు తెలియదు. నా దేవుడి పేరు ఆమె ఎప్పుడూ అడగలేదు. అయినా ప్రతి రాత్రి నా ప్రార్థనలో ఆమె కోసం ఒక మాట ఉంటుంది. మీలో ఎవరు ఏ దేవుణ్ణి తలుచుకునేవారైనా, ఎవరినీ తలుచుకోనివారైనా, ఇది చదవడం అయిపోయాక ఒక్కసారి ఆమెను గుర్తు చేసుకోండి. పేరు అక్కర్లేదు. పుస్తకంలో తల దూర్చుకున్న ఒక పిల్లను "ఎవలికి చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగిన మనిషి అనుకుంటే చాలు.